శిఖరం ఒక్కసారి, బడి ఏటేటా

వేసవి సెలవులు దగ్గర పడేసరికి మన కుటుంబాలకు స్వగ్రామాల నుంచి కబుర్లు మొదలవుతాయి. పాత చర్చి పడగొట్టి కొత్తది కడుతున్నారనీ, గంటగోపురానికి మీ చందా ఎంత వేసుకోమంటారనీ అడుగుతారు. మరో ఇంటికి రామాలయం ముఖమండపం సంగతి, ఇంకో ఇంటికి మసీదు మినారు సంగతి రాస్తారు. అదే ఊళ్ళో ఉన్న సర్కారు బడి నుంచి మాత్రం చాలామందికి ఏ కబురూ రాదు. పైకప్పు కారుతున్నదనో, మంచినీళ్ళు లేవనో ఎవరూ చందా పుస్తకం పట్టుకొని బయలుదేరరు.

మనం కలుసుకున్నప్పుడు ఈ మాట వస్తే రెండు పక్షాలు తయారవుతాయి. ఆ లక్షలతో బడి బాగుచేయవచ్చు గదా అని ఒక పక్షం. భక్తితో ఇచ్చేది భక్తికే పోవాలి, బడి సంగతి చూసుకోవడానికి సర్కారు ఉంది గదా అని రెండో పక్షం. రెండింటిలోనూ కొంత నిజం ఉంది. వాదానికి దిగేముందు చరిత్రను కొంచెం తిరగేయడం మంచిదని మా ఉద్దేశం. ఇక్కడ ముఖ్యంగా చర్చిల సంగతి తీసుకున్నాము. తెలుగునాట పెద్ద చర్చిలు ఎవరు, ఎప్పుడు కట్టారో తేదీలతో సహా తెలుసు. పైగా వాటిని కట్టినవారే బడులూ పెట్టారు. కాబట్టి రెంటినీ పక్కపక్కన పెట్టి చూడటానికి వీలుంది.

మనం ఉంటున్న గడ్డ మీద జరిగిన కథ

ముందు ఈ దేశంలోనే జరిగిన ఒక సంగతి చెప్పుకోవాలి. కలకత్తా నుంచి సౌలతున్నీసా బేగం అనే సంపన్నురాలు 1870ల తొలి సంవత్సరాలలో హజ్ యాత్రకు మక్కా వచ్చింది. యాత్రికులు దిగడానికి ఒక సత్రం కట్టించి పుణ్యం కట్టుకోవాలని ఆమె సంకల్పం. 1857 తిరుగుబాటు తరువాత ఇంగ్లీషువారి చేతికి చిక్కకుండా వచ్చి మక్కాలో స్థిరపడిన రహ్మతుల్లా కైరానవీ అనే పండితుణ్ణి ఆమె సలహా అడిగింది. మక్కాలో సత్రాలకు కొదవ లేదు, లేనిది ఒక మంచి బడి అని ఆయన చెప్పాడట. ఆమె ఆ మాట విన్నది. ఆ సొమ్ముతో వెలసిందే మదరసా సౌలతియా. సత్రానికని తెచ్చిన డబ్బు బడి అయింది. ఇచ్చినామె పేరూ నిలిచింది.

జెడ్డాలో ఉన్న మిత్రులకు అల్ ఫలాహ్ బడి పేరు తెలిసే ఉంటుంది. 1905లో ముహమ్మద్ అలీ జైనల్ అనే వర్తకుడు దాన్ని స్థాపించాడు. తరువాత మక్కాలోనూ మరొకటి పెట్టాడు. ఆయన ముత్యాల వ్యాపారి. బొంబాయిలో గడించినది ఇక్కడి పిల్లల చదువుకు ఖర్చు పెట్టాడు. చమురు బయటపడటానికి మూడు దశాబ్దాల ముందు మాట ఇది. అంటే పరదేశంలో సంపాదించి స్వదేశంలో బడి నిలబెట్టడం గల్ఫ్‌కు వచ్చిన మనతో మొదలైన ఆలోచన కాదు. ఇక్కడి నుంచి మన వైపు వెళ్ళి అదే పని చేసినవాడు అప్పటికే ఒకడున్నాడు.

మెదక్ చర్చి

ఇక మన ఊళ్ళ వైపు వెళదాం. చార్లెస్ వాకర్ పోస్నెట్ అనే వెస్లియన్ మెథడిస్టు మిషనరీ 1895లో మన దేశం వచ్చాడు. కొంతకాలం సికింద్రాబాదులో ఉండి, తరువాత మెదక్ చేరుకున్నాడు. 1914లో చర్చి పని మొదలుపెట్టాడు. ఆ ఏడే యూరపులో యుద్ధం వచ్చింది. యుద్ధం, కరువు, ధరల మంట మధ్య పదేళ్ళు పని సాగి, 1924 డిసెంబరు 25న చర్చి ప్రతిష్ఠ జరిగింది. పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు, గోపురం ఎత్తు 175 అడుగులు. అయిదు వేలమంది కూర్చోవచ్చునంటారు. నేలకు పరిచిన రంగు పలకలు సముద్రం దాటి వచ్చాయి. క్రీస్తు పుట్టుక, సిలువ, ఆరోహణం చూపించే మూడు రంగుటద్దాల కిటికీలను ఫ్రాంక్ సాలిస్‌బరీ అనే ఇంగ్లీషు చిత్రకారుడు రూపొందించాడు. ఖర్చు 14 లక్షల రూపాయలని చెబుతారు. ఆ కాలపు 14 లక్షలంటే ఎంతో పాఠకులే ఊహించుకోవచ్చు.

అంత బీద జిల్లాలో అంత పెద్ద కట్టడం ఎందుకన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. దానికి మెదక్‌వాసులు తరతరాలుగా చెప్పుకునే జవాబు ఒకటుంది. కరువులో జనం అల్లాడుతుంటే ఊరికే గింజలు పంచడం కంటే, పని చూపించి కూలి కింద తిండి పెట్టడం గౌరవమని పోస్నెట్ తలచాడట. రాయి కొట్టినవాళ్ళు, మట్టి మోసినవాళ్ళు ఆ పదేళ్ళు ఆ పని మీదే బతికారు. ఆ కూలీలలో, ఆ సంఘంలో ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాలవారు. ఊరి గుడిలోకి రానివ్వని మనిషికి తన చేతులతో కట్టిన అంతటి కట్టడంలో ముందు వరసలో కూర్చునే హక్కు దొరికింది. దాని విలువను రూపాయలలో లెక్క కట్టలేము. దుబారా అని ఒక్కమాటతో తీసిపారేసేవారు ఈ సంగతి మరిచిపోకూడదు.

అయితే ఇంకో కరువు కూడా చరిత్రలో ఉంది. 1876–78 నాటి ఘోరమైన కరువులో ఒంగోలు ప్రాంతంలో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఇదే ఆలోచన చేశాడు. కాని ఆయన చర్చి కట్టించలేదు. ప్రభుత్వం తవ్విస్తున్న బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్ళకు పైగా కాంట్రాక్టు తీసుకొని, కరువు జనానికి అక్కడ పని చూపించాడు. అదీ కూలికి తిండే. ఒకచోట కరువు కూలి కాలువ అయింది, మరోచోట గోపురం అయింది. కాలువ లోకానికి ఎక్కువ ఉపయోగం గదా అనవచ్చు. నిజమే. అయితే ఆ కాలువ ఇప్పుడు చాలాచోట్ల పూడిపోయి, గండ్లు పడి, పడవ నడవని స్థితిలో ఉంది. మెదక్ గోపురం మాత్రం 2024లో నూరేళ్ళ పండుగ చేసుకుంది. గోపురానికి ప్రతి ఆదివారం వచ్చి చూసుకునే జనం ఉన్నారు. కాలువకు లేరు. మా వ్యాసమంతటికీ ఇదే కీలకం.

ఆ జిల్లాలో బడులు ఎలా ఉన్నాయి?

మెదక్ చర్చి డబ్బు సర్కారు ఖజానా నుంచి వచ్చింది కాదు. మిషన్‌కు చందాలిచ్చినవారి డబ్బు అది. కాబట్టి బడికి పోవలసిన సొమ్ము చర్చి మింగేసిందనడం అన్యాయం. రెండూ వేరువేరు సంచులు. బడి సంచి నిజాం సర్కారు చేతిలో ఉంది. ఆ సంచి ముడి ఎంత గట్టిగా బిగించారో చూడండి.

హైదరాబాద్ రాజ్యంలో దాదాపు సగంమంది మాతృభాష తెలుగు. బడులలో, కచేరీలలో పెత్తనం ఉర్దూది. సర్కారు తానుగా ఊరూరా బడి పెట్టలేదు. జనం తమంతట తాము పెట్టుకున్న ఖాన్గీ బడులకైనా దారి వదిలిందా అంటే అదీ లేదు. మెదక్ చర్చి ప్రతిష్ఠ జరిగిన ఆ రోజులలోనే ప్రైవేటు బడికి ముందుగా అనుమతి తీసుకోవాలంటూ కట్టడి చేసింది. దానితో చాలా బడులు మూతపడ్డాయి. మాడపాటి హనుమంతరావుగారు 1928లో హైదరాబాదులో తెలుగు ఆడపిల్లల బడి స్థాపిస్తే, ఇక్కడ గుర్తింపు దొరకక పూనాలోని కార్వే మహిళా విశ్వవిద్యాలయంతో సంబంధం పెట్టుకోవలసి వచ్చింది.

1930 మార్చిలో అదే మెదక్ జిల్లాలోని జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. అధ్యక్షులు సురవరం ప్రతాపరెడ్డిగారు. తెలుగు పిల్లలకు తెలుగులో చదువు కావాలనీ, బడుల మీద ఆంక్షలు తొలగించాలనీ సాగిన పోరాటానికి అది వేదిక అయింది. ఆ సభకు అయిదేళ్ళ ముందే ఆ జిల్లాలో 175 అడుగుల గోపురం లేచి నిలబడి ఉంది. బడి కోసం మాత్రం ఇంకా అర్జీలే. ఆ తరువాత రాజధానిలో ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ మహాసౌధం లేచింది. 1939 డిసెంబరులో దానికి ప్రారంభోత్సవం జరిగింది. చూడచక్కని కట్టడం, సందేహం లేదు. మనలో కొందరు అందులో చదువుకున్నవారే. కాని 1951 జనాభా లెక్కలనాటికి ఆ రాజ్యంలో చదవను, రాయను వచ్చినవారు నూటికి పదిమంది కూడా లేరు. సౌధాల మీద మోజు మిషనరీలకే ఉండేదనుకోవడం పొరపాటు. ఏలినవారికి ఇంకా ఎక్కువగా ఉండేది.

బడితో మొదలుపెట్టినవారు

కోస్తా జిల్లాలలో మిషన్ల కథ వేరుగా నడిచింది. 1842లో గుంటూరు వచ్చిన లూథరన్ మిషనరీ హయ్యర్ తొలినాళ్ళలోనే బడులు తెరిచాడు. 1843లో రాబర్ట్ నోబుల్ మచిలీపట్నంలో పెట్టిన బడే పెరిగి నోబుల్ కాలేజీ అయింది. గుంటూరు ఆంధ్ర క్రిస్టియన్ కాలేజీ 1885 నుంచి లెక్క వేసుకుంటుంది. ఈ ఊళ్ళలో పెద్ద చర్చిల కంటే ముందు బడిగంట వినిపించింది. అగ్రహారం పిల్లలూ, పేట పిల్లలూ ఒకే బల్ల మీద కూర్చోవచ్చునా అన్న తగాదా కూడా ముందు ఆ బడులలోనే వచ్చింది.

దోర్నకల్లు సంగతి ఇంకొక రకం. అక్కడి బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య తిరునెల్వేలి ప్రాంతపు మనిషి. 1912లో కలకత్తాలో అభిషిక్తుడై, ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడు. దోర్నకల్లు కెథడ్రల్ 1939 జనవరి 6న ప్రతిష్ఠ అయింది. దానికి ఇంగ్లండు చర్చిల రూపం లేదు. మన గుడి స్తంభాలు, మసీదు గుమ్మటాలు అన్నీ కలిసిన దేశవాళీ కట్టడం. ఆయన బిషప్ అయిన ఇరవై ఆరేళ్ళకు అది పూర్తయింది. ఈలోగా చిన్న ఊళ్ళలో ఉపదేశకులే పంతుళ్ళు. పగలు పొలానికి పోయిన పిల్లలకు రాత్రిపూట దీపం దగ్గర పలక పట్టించింది వారే. తెలుగు క్రైస్తవ ఇళ్ళలో అన్నం వండే ముందు పిడికెడు బియ్యం పక్కకు తీసి సంఘానికి ఇచ్చే అలవాటు మనలో చాలామందికి తెలుసు. ఆ పిడికెడు బియ్యం అటు గోడకూ ఇటు పంతులుకూ కూడా చేరింది.

తరువాత కాలం మారింది. 1947 సెప్టెంబరులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడి మెదక్, దోర్నకల్లు రెండూ అందులో అధ్యక్ష మండలాలయ్యాయి. విదేశీ చందాలు తగ్గాయి. మిషన్ బడులు సర్కారు గ్రాంటు మీద నడిచాయి. రిటైరైన పంతుళ్ళ స్థానాలు నింపకపోవడంతో ఎయిడెడ్ బడులు ఎన్నో చిక్కిపోయాయి. చర్చిలు నిలబడ్డాయి, కొన్నిచోట్ల ఇంకా పెద్దవయ్యాయి. వాటి పక్కనున్న బడులలో కొన్నింటికి తాళాలు పడ్డాయి.

ఎందుకిలా?

చర్చి కట్టడమంటే ఒక్కసారి చేసే పని. మొదలు ఉంది, చివర ఉంది. శంకుస్థాపన ఉంది, ప్రతిష్ఠ ఉంది. ఇచ్చినవారి పేరు పాలరాతి మీద పడుతుంది. బడి అలా కాదు. గోడలు లేచిన రోజున బడి పని మొదలవుతుంది, పూర్తి కాదు. సుద్దముక్క దగ్గర నుంచి సైన్సు గదిలో గాజు సామాను దాకా ప్రతి ఏడూ కొనాలి. పంతులు ప్రతిరోజూ రావాలి. మరుగుదొడ్డి ప్రతిరోజూ కడగాలి. దీనికి ప్రారంభోత్సవం ఏమిటి, రాతి మీద పేరేమిటి?

రెండో కారణం లెక్క. కోతల పండుగనాడు చర్చిలో మొదటి సొరకాయను వేలం వేస్తే, పది రూపాయల కాయ వేలకు పోవడం మనం చూసినదే. ఎవరు పాడుకున్నారో, ఎంత వచ్చిందో అక్కడికక్కడే అందరి ఎదుట చదువుతారు. ఇచ్చినవాడికి సంతోషం, ఇవ్వనివాడికి కాస్త సిగ్గు. సర్కారు బడికి అలాంటి రోజు లేదు. దాని లెక్క ఏ ఆఫీసు ఫైలులో ఉందో ఊరివారికి తెలియదు.

మూడోది అన్నింటికంటే పెద్దది. చర్చికి ఊరి పెద్దలూ వెళతారు, పేదలూ వెళతారు. బడికి పెద్దల పిల్లలు వెళ్ళడం మానేశారు. 1959లో పంచాయతీరాజ్ వచ్చాక జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో చదివి ఇంజనీర్లు, డాక్టర్లు అయి ఇక్కడికి వచ్చినవారు మనలో ఎందరో లెక్క వేయండి. ఆ రోజులలో పంతులు సెలవు పెడితే మునసబుగారు అడిగేవారు, కరణంగారు అడిగేవారు. వారి పిల్లలూ అదే బల్ల మీద ఉండేవారు గనుక. ఇప్పుడు అడగగలిగినవారి పిల్లలు బస్సెక్కి కాన్వెంటుకు పోతున్నారు. సర్కారు బడిలో మిగిలినవారి తల్లిదండ్రులు ఉదయం కూలికి పోయి రాత్రికి వస్తారు. వారి తరఫున నోరు విప్పేది ఎవరు? బడికి డబ్బు తగ్గడం కంటే అడిగేవారు తగ్గడమే అసలు నష్టం.

చర్చిల మాట ఎత్తినందుకు క్రైస్తవ మిత్రులు నొచ్చుకోనక్కరలేదు. యాదగిరిగుట్ట ఆలయాన్ని వెయ్యికోట్లకు పైగా ఖర్చుతో పునర్నిర్మించి 2022 మార్చి 28న తెరిచారు. అది భక్తుల చందాపుస్తకం కాదు, చాలావరకు సర్కారు పూనిక. అదే నెలలో తెలంగాణ ప్రభుత్వం ‘మన ఊరు – మన బడి’ మొదలుపెట్టి, మూడు విడతలుగా 26 వేల బడులకు 7,289 కోట్లు అంచనా వేసింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నవంబరులో ‘నాడు – నేడు’ మొదలై, మొదటి విడతలో 15 వేలకు పైగా బడులకు రంగులు, ప్రహరీలు, మరుగుదొడ్లు వచ్చాయి. మంచి పనులే. కాని ఒకటి గమనించండి. బడి మీద ప్రేమ పుట్టినప్పుడు కూడా ప్రభుత్వాలకు ముందు గుర్తుకొచ్చేది గోడే. గోడకు ప్రారంభోత్సవం ఉంటుంది. నాలుగో తరగతి పిల్లవాడు తప్పులు లేకుండా పేజీ చదవడానికి ప్రారంభోత్సవం ఉండదు.

మనం ఏమి కట్టుకున్నాము?

ఈ దేశంలో మనకు చర్చి లేదు, గుడి లేదు. మన ముస్లిం సోదరులకు ఊరంతా మసీదులే, వాటికి చందాలు ఎత్తవలసిన పని లేదు. మరి ఇక్కడ భారతీయులంతా కలిసి నిలబెట్టుకున్నదేమిటి? బడులు. జెడ్డాలో 1969 నుంచి, రియాద్, దమ్మామ్‌లలో 1982 నుంచి భారతీయ పాఠశాలలు నడుస్తున్నాయి. ఫీజులు మనవి, తల్లిదండ్రుల నుంచి ఏర్పడే కమిటీల బాధ్యత మనది. పంతులు రాకపోతే మరునాడే కబురు వెళుతుంది. ఫీజు పెంచితే సభలో గట్టిగా మాటలు పడతాయి. గోపురం లేదు, శిలాఫలకాలు లేవు. అయినా నలభై, యాభై ఏళ్ళుగా నడుస్తున్నాయి. మన పిల్లలు అందులో ఉన్నారు గనుక నడిపించాము. బడిని నిలబెట్టడం మనకు చేతకాని పని కాదని దీనితో రుజువైంది. పిల్లలు మనవాళ్ళు కానప్పుడు కూడా చేతనవుతుందా అన్నది మిగిలిన ప్రశ్న.

కాబట్టి మా సూచన ఇది. ఊరి చర్చికో గుడికో మసీదుకో ఇవ్వదలచినది ఇవ్వండి. మెదక్‌లో రాయి కొట్టిన కూలివాడి గర్వాన్ని తక్కువ చేసే అధికారం మనకు లేదు. దానితోపాటు, మీరు చదువుకున్న బడికి చిన్న మొత్తమైనా సరే, ఏటేటా ఇవ్వండి. ఒకేసారి లక్ష ఇచ్చి పేరు చెక్కించుకోవడం కంటే, ఏడాదికి పదివేల చొప్పున పదేళ్ళు ఇవ్వడం బడికి మేలు. గదికి, గేటుకు కాకుండా పుస్తకాలకు, నీళ్ళకు, శుభ్రతకు, సైన్సు సామానుకు ఇవ్వండి. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రతి సర్కారు బడికి యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో నాలుగింట మూడువంతులు తల్లిదండ్రులు, సగంమంది స్త్రీలు. ఆ కమిటీ పేరున ఇవ్వండి. కమిటీ కాగితం మీదే ఉంటే దాన్ని కూర్చోబెట్టమని అడగండి. అడిగే నోరు కావాలన్నాము గదా. సెలవులకు వెళ్ళినప్పుడు ఆ నోరు మనదే కావాలి.

ఇంకొక్క మాట. కోతల పండుగ పద్ధతిని బడికి తీసుకుపోవచ్చు. ఏడాదికి ఒకరోజు బడి ముంగిట ఊరంతా కూర్చోవాలి. ఎంత వచ్చిందో, ఎంత ఖర్చయిందో గట్టిగా చదవాలి. పంతుళ్ళు ఎందరు ఉండాలో, ఎందరు ఉన్నారో చెప్పాలి. ఆ తరువాత నాలుగో తరగతి పిల్లవాడు లేచి ఒక పేజీ చదవాలి. అదే ఆ బడికి ప్రతిష్ఠ, ఏటేటా జరిగే ప్రతిష్ఠ.

సౌలతున్నీసా బేగం సత్రం కడదామని వచ్చి బడి కట్టింది. ఆమెను సలహా అడగమని ఎవరూ బలవంతం చేయలేదు. తానే అడిగింది, వినదగినది విన్నది. వచ్చే వేసవిలో ఊరి నుంచి చందా కబురు వచ్చినప్పుడు మనమూ ఒక ప్రశ్న అడుగుదాం. మన ఊళ్ళో దేనికి కొదవ లేదు, ఏది లేదు? సభ్యులు తమ బడి పేరు, ఊరు, ఏడాదికి ఇవ్వగలిగిన మొత్తం రాసి ఇస్తే వచ్చే సంచికలో జాబితా వేస్తాము. ఆ పై ఏడు అదే జాబితాను మళ్ళీ వేస్తాము, ఎవరు నిలబడ్డారో అందరూ చూసుకోవడానికి.